జరీబు

మూడుపాలిలు కొలిసిన ఆ ఊరిని.
మొదటిపాలి నాకు మీసాలు రాలే,
జరీబు కొస వట్టుకొని ముండ్లల్ల ఉరికెటోన్ని.
రెండోపాలి అఫ్జల్ సాబు వానల నిలవడ్డడు
నక్ష తడవకుండ అంగీలోపల వెట్టుకొని.
మూడోపాలి మొన్న.
గొలుసు లేదు. మూడుకాళ్ల మిషిని, దానికో గొడుగు.
పించనుదారును నన్నెందుకు వట్కపోయిన్రంటే
పాతరాళ్లు యాడున్నయో నాకొక్కనికే ఎరుక.

మోవాడ్‌గొంది.
కెరమెరి గుట్టలు దాటినంక
ఫోను పక్క రాష్ట్రపోళ్ల భాషల మాట్లాడే కాడ.
ఇరవై ఎనిమిది గడపలు, రెండు బడులు.
పొద్దుగాల ఒక బళ్లె అమ్మ, ఆవు,
పగటీలి ఇంకో బళ్లె అదే పోరలకు ఆయి, గాయ్.
ఇంటికాడ ఆ ఆవును పిలిచే మాట
రెండు పుస్తకాలల్ల లేదు.
రెండు రేషను కార్డులు, రెండు ఓట్లు,
ఒక్క చుట్టను ఇచ్చిపుచ్చుకునే ఇద్దరు సర్పంచులు.
అన్నీ రెండే.
దున్నే భూమికి పట్టా మాత్రం ఒక్కటి గూడ లేదు.

కొట్లాట ఎంతదంటే, ఒక్క మాటంత.
ఎనకటి నక్షల "వాగు పొంట" అని రాసిండ్రు.
రాసినాయన గుట్టదాక నడవలే గావచ్చు,
నడిస్తే తెలుస్తుండె ఆడ వాగు రెండుగ చీలుతదని.
ఏ పాయ?
దానికే అరవై ఏండ్లు, పదకొండు కమిటీలు,
అఫ్జల్ సాబు రెండు కండ్ల ఆపరేషన్లు, ఆఖరుకు ఆయన బొంద.

పాతరాయి సిడాం లచ్చుబాయి వాకిట్ల దొరికింది.
కొడవలి నూరి నూరి నడుమ గిన్నెలెక్క అరిగింది,
నంబరు లేదు.
"ఇది సర్కారు రాయి అవ్వా" అన్న.
"సర్కారు అడగనీకె ఎప్పుడన్న అచ్చిందా?" అన్నది.

టెంటు కింద రెండు రాష్ట్రాలు కూసున్నయి.
అటు వాంఖడే మేడమ్, ఇటు మా ఆర్డీవో సారు,
నడుమ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం.
కుడిపాయ హద్దు. ఊరు ఇటు, గుట్టమీది బీడు అటు.
గింతేనా అనిపించింది నాకు.
కలాల మూతలు తీస్తుంటే
లచ్చుబాయి గోండిల అడిగింది:
"మా బొందలగడ్డ యాడవడ్డది?"
ఒకలు మరాఠీల చెప్పిన్రు, ఒకలు తెలుగుల.
మిషిని కాడి పోరడు ఏలు వెట్టి చూపిండు.
అటు.
"అయితే నా మొగడు నాకంటె ముందుగాలనే
ఆ రాష్ట్రం పోయిండన్నట్టు" అని నవ్వింది.
జరసేపటికి నవ్వు ఆపి,
"నన్ను మోసెటోళ్లు ఎవలనడగాలె?"

రొట్టెల మీద ఈగలు వాలినయి, ఎవలు కొట్టలే.
మా సారు ఫారం మొత్తం తిరగేసిండు,
దానికి కాలమ్ లేదు.
వాంఖడే మేడమ్ కాయిదం అడ్డం తిప్పి
అంచుమీద చేతితోని రాసింది,
శవంతోని పోయెటోళ్లను, పసులతోని పోయెటోళ్లను
ఆపొద్దని.
కింద మా సారు తెలుగుల అదే మాట, వంకరగ.
అచ్చయిన నలభై పేజీలల్ల నాకు యాదికున్నది
ఆ అంచే.

అటు సర్పంచు అడిగిండు, నా ముద్ర ఏంజెయ్యాలె?
ఎవలు చెప్పకముందే పోరగాండ్లు గుంజుకపోయి
గుమ్మడికాయల మీద గుద్దుతున్నరు.
రేషను డీలరు ఒక కార్డు ఇచ్చెయ్యమంటె
ముసలోళ్లు రెండిటినీ మొకంకాడికి తెచ్చుకొని చూస్తున్నరు,
ఏ ఫోటోల తాము బాగున్నరో అని.

కొత్తరాయి సిమెంటుది. ఆరకముందే
మేక ఒకటి తొక్కిపోయింది.
పాతదాన్ని జీపుల ఎయ్యబోతె
లచ్చుబాయి దానిమీద కూసున్నది.
"మీది మీరు పాతుకున్నరు గదా."

హన్మకొండ బస్సుల నిద్ర వట్టలే.
బొటనేలు ఉత్తగనే కదులుతున్నది,
ఒకటి, రెండు, మూడు,
లేని గొలుసు కడియాలు ఎంచుకుంట.
మంచిర్యాల దాటినంక లెక్క తప్పిన.